పొద్దెక్కేలోగా

మా మామగారి మీద నాదొకటే ఫిర్యాదు. జీవితం మొత్తమ్మీద ఆయన "తప్పు నాదే" అన్నది ఒక్కసారి. అదీ నేను కోడలిగా రాకముందే వాడేశారు.

1913లో, సముద్రం దాటి వచ్చిన తెలుగువాళ్ళ చెరకు దీవిలో, లాల్మతీ అనే ఊళ్ళో. అప్పటికాయన మామగారు కారు, వట్టి పోలయ్య. కనుక ధైర్యంగా "అన్నాడు" అనే రాస్తాను. కాస్త చెరకు, పెరట్లో గుమ్మడి పాదు, ఊరికి సరిపడా గర్వం. భజన గురువు అప్పయ్యగారి వరండాలో నిలబడి, "ఈసారి రామభజన విందుకి గుమ్మడికాయలన్నీ నా పాదువే!" అని గట్టిగా చెప్పేశాడు. లోపల ఆయన కూతురు నాగమ్మ బియ్యం ఏరుకుంటోందని తెలిసే చెప్పాడు.

తీరా పిందెలన్నీ పండుబారి రాలిపోవడం మొదలెట్టాయి.

ఒక తెల్లవారుజామున, సన్నటి చినుకుల్లో, పాదు మధ్య ఎవరో వంగి కనిపించారు.

"దొంగ!"

నాగమ్మ తీరిగ్గా నడుం ఎత్తింది. "దొంగైతే పువ్వు పట్టుకుపోతుంది. నేను మా పెరట్లోంచి తెచ్చాను."

"మా పాదుకి పూలు కరువా, మామ్జెల్?" దొరల ఇళ్ళ అమ్మాయిని పిలిచినట్టు పిలిచాడు పోలయ్య.

"కరువే. మగపూలన్నీ తెంపేస్తున్నదెవరు?"

"నేనే. కాయ కాయని పువ్వుకి ఎరువు దండగ కదూ!"

నాగమ్మ నవ్వాపుకుంది. "మగపువ్వు పుప్పొడి అంటితేనే ఆడపువ్వు కింద పిందె నిలిచేది. పైగా పువ్వు బతికేది ఒక్క పూట. పొద్దెక్కి ముడుచుకుందంటే, ఎంత బతిమాలినా మళ్ళీ తెరుచుకోదు."

తెచ్చిన పువ్వు రేకులు తుంచి, పుప్పొడి కాడను ఆడపువ్వు నడుమ మెత్తగా రాసింది.

"కోతలు!" అన్నాడు పోలయ్య. కానీ ఆ రోజు నుంచి మగపూల జోలికి పోలేదు. రోజూ చీకటితోనే లేచి పాదు దగ్గర కూర్చునేవాడు. పూల కోసమేనట. నాగమ్మా రోజూ వచ్చేది. ఆమె కూడా పూల కోసమేనట.

విందు రోజు పొద్దున్నే బండెడు గుమ్మడికాయలు దిగాయి. "పోలయ్యది చల్లని చెయ్యి!" అన్నారందరూ. పోలయ్య మీసం దువ్వి, ఆ ఊపులోనే అప్పయ్యగారిని పిల్లనడిగేశాడు.

అప్పయ్యగారు కూతురి వైపు తిరిగారు.

"నాకిష్టమే నాన్నా," అంది నాగమ్మ. "ఆ కాయలెలా నిలిచాయో పదిమందిలో చెప్పమనండి. పొద్దెక్కేదాకా చూస్తాను. తర్వాత ఎంత బతిమాలినా లాభం లేదు."

పోలయ్య సూర్యుడి వంక చూశాడు. నాగమ్మ వంక చూశాడు. అన్నిటికన్నా పెద్ద కాయను నెత్తికెత్తుకుని, ఊరిని గెలిచినవాడిలా ఛాతీ విరిచి, భజన తాళాలు ఆగిపోయేంత గట్టిగా అరిచాడు:

"మగపూలు తెంపింది నేను! కాయలు నిలబెట్టింది నాగమ్మ! తప్పు నాదే!"