గవ్వల కళ్ల దూడ

పాత నవ్వుల ఫొటోల్లోని పదకొండు కోతులకీ రెండు పిల్లులకీ సజీవముద్ర వేశాక హైమవతి తెర మీదికి దూడ వచ్చింది. దాన్ని ఎరగనివాళ్లెవరు? తల్లిగేదె ఒళ్లంతా నాకుతుంటే ఎటో చూస్తూ నిలబడే దూడ. కింద "నాకేం అనిపించట్లేదు" అన్న మాట. జనాన్ని నవ్వించడానికి ప్రతిచోటా పెట్టిన ఊరటగోడల మీద అది కనబడగానే జనం నవ్వి, మళ్లీ పనిలో పడేవారు.

ఇంట్లో ఉయ్యాల విప్పేసిన రోజున వైద్యవిభాగం హైమవతికి ఆ దూడనే మందుగా రాసింది, పూటకోసారి. ఏడాదైంది. దాన్ని చూస్తేనే ఆమెకు ముద్ద దిగుతుంది.

చచ్చినదాన్ని చూపి నవ్వించకూడదని నియమం; ఫొటో తీసేనాటికి జంతువు బతికే ఉందని సాక్షి చెప్పాలి. చెబితే సజీవముద్ర, లేదంటే తొలగింపు. గేదె యజమాని పైడితల్లి ఇన్నాళ్లకు ఫోన్లో దొరికింది. ఎనభై నాలుగేళ్లు.

"దూడ అప్పుడు ఆరోగ్యంగా ఉందా, మామ్మగారూ?"

"దూడేటమ్మా!" ముసలామె నవ్వింది. "పుట్టిన మూడోనాడే సచ్చిపోనాది. తోలులో గడ్డి కూరి, కళ్లకి గవ్వలెట్టినాం. ముందర దూడ నేకపోతే గేదె పాలు సేపదు కదా. మా మరిది ఫోన్లో తీసి ఊరందరికీ పంపినాడు. ఒకటే నవ్వులు."

"గేదెకి తెలీదా?"

"ఎందుకు తెల్దు? వాసన నేదా దానికి? తెలిసే నాకినాది తల్లీ. నాకి నాకి, అప్పుడు సేపినాది."

హైమవతి తెర మీది దూడ కళ్లను పెద్దవి చేసి చూసింది.

"నీకు పిల్లలా?"

"ఒక పాప ఉండేది" అంది. తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది.

పక్క బల్ల నుంచి కామేశం తొంగిచూశాడు. "చచ్చిన దూడా? తొలగింపు నొక్కెయ్యండి మేడమ్. భోజనాల వేళయింది."

నొక్కితే రేపటి నుంచి దూడ ఉండదు. సజీవముద్ర వేస్తే ఎవరికీ తెలియదు. ఆమె రెండూ చెయ్యలేదు. కింది మాట చెరిపేసి, పైడితల్లి చెప్పినదంతా చెప్పినట్టే రాసి, అన్ని గోడలకూ పంపింది.

భోజనశాలలో గోడ వెలిగింది. చదివినవాళ్లు చదివినట్టే ఆగిపోయారు. నవ్వు వినబడకపోతే గోడ అదే బొమ్మను మళ్లీ చూపించాలి. చూపించింది. ఎవరూ నవ్వలేదు. మళ్లీ చూపించింది. ఎక్కడో ఒక గ్లాసు కిందపడింది. ఎవరో వెక్కుతున్నారు.

కామేశం కంచం పక్కకు నెట్టాడు. "ఆపడం మీకొచ్చు కదా, మేడమ్?"

"వచ్చు" అంది హైమవతి.

కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.