బెల్మన్ దొర బంగళాలో కాన్పు

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పోయే దావలో, శిరివెళ్ల దాటినాక బెల్మన్ దొర బంగళా ఉంది. పొద్దు మునిగినాక ఆ గేటు ముందర బండి ఆపినోడు ల్యాడు. ఎద్దులు గూడా ఆడికొస్తే నడక పెంచుతాయి. నేను ఆపినా. మూడుసార్లు. ఏమీ కాల్యా... నన్ను చూసి దెయ్యాలే లోపలికి పోయింటాయి.

బెల్మన్ దొరవాండ్లు అమెరికావాండ్లు. దూది యాపారం. అమెరికాలో వాండ్లకు ఏడు మేడలుండాయంట – చలికాలానికొకటి, ఎండాకాలానికొకటి, సముద్రంలో స్నానం చేసేదానికొకటి. ఒక్కో మేడకు నూరు గదులు. మొగుడూ పెండ్లామూ పొద్దున ఇడిపోతే మళ్లా కూటి యాళకు గానీ కలిసేది ల్యా అని వాండ్ల వంటమనిషి ఇస్సాకు చెప్పినాడు. ఇస్సాకు అమెరికా పోల్యా. నేనూ పోల్యా. అయినా ఆ మేడల్లో యా తలుపు యాడుందో మా ఇద్దరికీ తెలుసు.

నంద్యాల పత్తి చూసేదానికొచ్చి, ఈడ ఎనిమిదో మేడ కట్టినారు. ఇరవైరెండు గదులు. మూడు నెలలుండి, ఎండలు ముదిరేసరికి పోయినారు. మళ్లా రాల్యా.

అప్పట్నించి కిటికీలో తొంగిచూసినోళ్లందరిదీ ఒకటే మాట – లోపల తల మింద నుంచి కాళ్ల దాకా తెల్లగా కప్పుకొని... వరసగా కూర్చోనుంటారంట.

ఇంగ మద్దిలేటి సంగతి. నాలుగేండ్ల కింద, యాభయ్యారులో జరిగింది. ఆళ్లగడ్డ పక్క పల్లె రైతు. పెండ్లాం పద్మమ్మకు నెలలు నిండినాయి. ముందర ఇద్దరు బిడ్డలు పుట్టి పోయినారు. ఈ బిడ్డనన్నా దక్కించుకోవల్లని, మంత్రసాని నరసమ్మను ఎక్కించుకొని నంద్యాల ఆసుపత్రికి బండి కట్టినాడు.

దావలో పొద్దు మునిగె. వాన దిగె. సరిగ్గా దొర గేటు ముందర... ఇరుసు ఫట్టుమనె.

పద్మమ్మకు నొప్పులు మొదలైనాయి.

"అత్తా... ఈడ వద్దు," మద్దిలేటి గుసగుసలాడె.

"బిడ్డ నిన్నడిగి వస్తాందా? ఎత్తుకోరా ఆమెను!"

తలుపు నెట్టినారు. లాంతరు ఎత్తినారు.

కూర్చోనుండారు... ఆరుమంది. తెల్లగా. మొగాల్లేవు. కదలిక ల్యా.

నరసమ్మ వాండ్ల పక్క గూడా చూడల్యా. పద్మమ్మను పండబెట్టి, "మొగోనివి, ఈడ చూడగాకు. ఆ పక్కకు తిరుక్కో," అనె.

ఆ పక్క ఉండేది వాండ్లే. గంటసేపు వాండ్లకు ఎదురుగా దండం పెట్టి నిలబడినాడు పాపం.

బిడ్డ పుట్టె. ఏడ్వల్యా. నరసమ్మ వీపు మింద చరిచె – ఒకటి... రెండు... మూడోదానికి కేరుమనె. గానీ ఒళ్లు సల్లబడతాంది.

"గుడ్డ తే, బేగా!"

తెచ్చిన పాతగుడ్డలన్నీ వానకు తడిసిండె. మద్దిలేటి ట్రంకుపెట్టెలో నుంచి కొత్తచీర తీసె.

"నీ తలకాయ! ఇద్దరు బిడ్డలు పోయిన ఇల్లురా నీది. మొదటి గుడ్డ పాతది గావల్ల. ముసలమ్మ కప్పుకునింది, ఆయమ్మ చేత్తో ఇచ్చింది. అప్పుడే బిడ్డ నిలుస్తాది."

"ఈడ ముసలమ్మను యాడ తెచ్చేది అత్తా?"

నరసమ్మ ఆరుమంది పక్క చూసె. లాంతరు తీసుకొని లేసె. మద్దిలేటి కండ్లు మూసుకునె. నరసమ్మ మొదటోని ముసుగు పట్టి... లాగె.

కుర్చీ!

రెండోది కుర్చీ. మూడోదీ కుర్చీనే. పెద్దిండ్లోళ్లకు అదొక అలవాటు, ఊరిడిచి పోతే కుర్చీలకు దుమ్ము పడకుండా దుప్పట్లు కప్పి పోతారు. నాకు ముందే తెలుసు. నన్నడిగినోడు ల్యాడు.

"ఓస్... కుర్చీలకా అత్తా నేను గంటసేపు దండం పెట్టింది!" మద్దిలేటి నవ్వుతా పోయి పద్మమ్మ పక్కన కూలబడె.

నాలుగు, అయిదు గూడా లాగె నరసమ్మ. అన్నీ ఎలకలు కొట్టిన పీలికలు. కడాకు మూలనుండే ఆరోదాని కాడ నుంచి నిండు దుప్పటి ఒకటి తెచ్చి, బిడ్డను చుట్టె. మెత్తగా... వెచ్చగా.

బిడ్డ దక్కె. ఇప్పుడు నాలుగేండ్లు. పేరు పెట్టమంటే నరసమ్మ 'దొరసాని' అని పెట్టె.

మొన్న నేనడిగినా. "అయిదు దుప్పట్లు కొట్టిన ఎలకలు, ఆరోదాన్ని ఎందుకు ఇడిచిపెట్టినాయి నరసమ్మా?"

నరసమ్మ వక్క నములుతా... నములుతా... ఉమ్మేసి వచ్చె.

"కప్పుకోనుండె గదప్పా," అనె. "బిడ్డ ఏడుపు ఇని, ఆయమ్మే తీసి నా చేతికిచ్చె."