గున్న వెనక నలభై మంది

"ఏనుగు బెదిరింది" అన్నారు లైబ్రరీ మేడమ్, బల్ల మీదికి వంగి చూస్తూ. "చెప్పు పిడుగూ. తీసేస్తావా, పాచిక వేస్తావా?"

అది శనివారం మధ్యాహ్నం. లైబ్రరీ మేడ మీది గదిలో రెండు బల్లలు కలిపి ఆకుపచ్చ దుప్పటి పరిచారు. దాని మీద ఎప్పుడో వేల ఏళ్ళ నాటి యుద్ధం జరుగుతోంది. సైనికులు ఒక్కొక్కరు వేలిలో సగం కూడా ఉండరు. వాళ్ళను స్కేలుతో కొలిచి జరపాలి, పాచికలు వేసి పోరాడాలి. ఇద్దరిద్దరు ఒక జట్టు.

ఆరో తరగతి చదివే పిడుగు, నిదానం ఒక జట్టు. ఆ పేర్లు పెట్టింది వాళ్ళ క్లాస్ టీచరే. గంట మోగకముందే ఒకమ్మాయి గుమ్మంలో ఉంటుంది. గంట మోగాక రెండో అమ్మాయి పెన్సిళ్ళు సర్దుకోవడం మొదలుపెడుతుంది. పేర్లు ఊరికే రాలేదు మరి.

ఏనుగు పిడుగుది. పేరు గున్న. దానికి తనే రంగు వేసింది. ఒకసారి కింద పడి దాని ఎడమ చెవి కొస విరిగింది. అది పాత యుద్ధంలో తగిలిన గాయమని పిడుగు అందరికీ గొప్పగా చెబుతుంది. గున్న వెనక నిలబడ్డ నలభై మంది బరిసెలవాళ్ళు నిదానం సైన్యం.

ఎదుటి జట్టు కవల అన్నదమ్ములు. వాళ్ళు విసిరిన ఈటెలతో గున్నకు మూడో దెబ్బ తగిలింది. మూడు దెబ్బలు తింటే ఏనుగు బెదిరినట్టే. అప్పుడు మన ఏనుగును మనమే బల్ల మీంచి తీసెయ్యవచ్చు. లేదా పాచిక వెయ్యవచ్చు. ఒకటో రెండో పడితే శత్రువుల మీదికి పరుగెడుతుంది. మూడో నాలుగో పడితే పక్కకి పోతుంది. ఐదో ఆరో పడితే వెనక్కి తిరిగి సొంతవాళ్ళనే తొక్కేస్తుంది.

"తీసెయ్యవే" అంది నిదానం మెల్లగా. "నా వాళ్ళు సరిగ్గా దాని వెనకే ఉన్నారు."

"గున్ననా? ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే. నేను తియ్యను."

"నా వాళ్ళు పోతారే."

"ఏం పోరులే."

పిడుగు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. పాచిక వేసింది. అది దొర్లి దొర్లి ఆగింది.

ఆరు.

గున్న వెనక్కి తిరిగింది. మేడమ్ స్కేలు పెట్టి కొలిచారు. పదహారు మంది బరిసెలవాళ్ళు ఒక్క దెబ్బతో పోయారు. ఆ ఖాళీలోంచి కవలల గుర్రాలు దూరాయి. ఇంకో పావుగంటలో ఆట అయిపోయింది. పోయిన వారం కవలల మీద గెలిచిన పిడుగు జట్టు ఈ వారం ఓడింది. ఇక మిగిలింది ఒక్క ఆటే. కప్పు ఎవరిదో అందులోనే తేలాలి.

నిదానం తన సైనికులను ఒక్కొక్కరినే దూది పరిచిన డబ్బాలో పడుకోబెట్టింది.

"మనకి టైం బాలేదు, అంతే" అంది పిడుగు.

"టైం కాదు. ఏనుగు నీదే, కానీ తొక్కింది నా వాళ్ళని" అంది నిదానం, డబ్బా మూత పెడుతూ. "వచ్చే శనివారం నేను రానేమో."

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. పిడుగుకు కోపం వచ్చింది. ఇంటికి వెళ్ళేదాకా దారి పొడవునా గులకరాళ్ళను తన్నుతూనే ఉంది.

పిడుగు వాళ్ళ నాన్న కార్లకు రంగులు వేస్తాడు. ఆయన ఇంటి ముందు షెడ్డులో ఒక కారు తలుపును గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. పిడుగు బల్ల మీద సంచి బోర్లించింది. గున్నతో పాటు ఒక బరిసెవాడు కూడా బయటపడ్డాడు. హడావుడిగా సర్దుకుంటుంటే వాడు పిడుగు సంచిలోకి వచ్చేసినట్టున్నాడు.

"ఎవరే ఈ బుల్లోడు?" అన్నాడు నాన్న.

"నిదానం వాళ్ళవాడు. ఇలాంటివాళ్ళు నలభై మంది. రంగులు వెయ్యడానికి రెండు నెలలు పట్టిందట."

"మరి నీ ఏనుగుకి?"

"మూడు రోజులు."

నాన్న చేతులు తుడుచుకుని ఆ సైనికుణ్ణి వెలుతురులో పెట్టి చూశాడు. "డాలు మీద ఏదో బొమ్మ ఉందే. అబ్బ, ఏం చెయ్యి. నావల్ల కాదమ్మా ఇది."

పిడుగు భూతద్దం తెచ్చుకుంది. డాలు శనగగింజంత ఉంది. దాని మీద బూడిద రంగు ఏనుగు. దానికి ఎడమ చెవి కొస లేదు.

నలభై డాళ్ళు. నలభై మంది కూడా గున్ననే మోస్తున్నారు. ఆ గున్న చేతే వాళ్ళను తొక్కించింది. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

సోమవారం బడిలో, ఎవరూ పిలవకుండానే, గంట మోగాక కూడా పిడుగు బెంచీ దగ్గరే నిలబడింది. నిదానం చివరి పెన్సిలు సర్దుకునే దాకా ఆగి, అరచెయ్యి చాపింది. అందులో బరిసెవాడు ఉన్నాడు.

"వీడు నా సంచిలోకి వచ్చేశాడు. డాలు చూశాను" అంది పిడుగు. "తప్పు నాదేనే. నువ్వు చెబుతున్నా వినలేదు."

నిదానం సైనికుణ్ణి తీసుకుని బరిసె వంగిందేమో చూసింది. తర్వాత పిడుగు ముఖం చూసింది.

"శనివారం మూడింటికేగా?" అంది.

చివరి ఆటలో గున్న చెలరేగిపోయింది. కవలల గుర్రాలను రెండుసార్లు వెనక్కి తరిమింది. ఇంకొక్క అడుగు వేస్తే వాళ్ళ సేనాపతి దొరుకుతాడు. సరిగ్గా అప్పుడే మూడో ఈటె తగిలింది.

"బెదిరింది" అన్నారు మేడమ్. "తీసేస్తావా, వేస్తావా?"

గదిలో అందరూ బల్ల చుట్టూ మూగారు. ఒకటో రెండో పడితే గున్న ఒక్కటే ఆట ముగించేస్తుంది. పిడుగు పాచిక చేతిలోకి తీసుకుంది. వెనక్కి చూసింది. నలభై డాళ్ళు, నలభై గున్నలు.

"నీ ఏనుగు, నీ ఇష్టం" అంది నిదానం.

పిడుగు పాచికను పక్కన పెట్టింది. రెండు చేతులతో గున్నను ఎత్తి, యుద్ధం కనబడేలా బల్ల అంచున నిలబెట్టింది.

"తీసేశాను మేడమ్. ఇక చూసుకోవే నిదానం, దారి నీదే."

నిదానం స్కేలు అందుకుంది. ఎప్పటిలాగే తొందరేమీ లేకుండా కొలిచి, నలభై మందినీ ముందుకు జరిపింది.

సాయంత్రం షెడ్డులో నాన్న తలెత్తాడు. "ఏమ్మా, గెలిచారా?"

"ముప్ఫై ఏడుగురు మిగిలారు నాన్నా. ముగ్గురే పోయారు."

"నేనడిగింది అది కాదే."

"ఓ, అదా" అంది పిడుగు, గున్న మీది దుమ్ము ఊదుతూ. "గెలిచాం కూడా."