పడవవాడు వద్దన్న అమ్మ

"కాస్త ఆ ట్రక్కు తీస్తారా?"

ఎల్డన్ ప్రూయిట్ వెనక్కి తిరిగి చూశాడు. చేతిలో కాఫీ కప్పు, కాళ్ళకి రబ్బరు చెప్పులు, ఇంకా దువ్వని ఎర్రజుట్టుతో ఒకమ్మాయి నిలబడి ఉంది.

"ఎందుకండీ? ఇక్కడ ఆపకూడదని బోర్డేమీ లేదే!"

"బోర్డు లేదు. మా అమ్మ ఉంది."

ఆమె చూపించిన వైపు ఒక పాత ఆర్వీ, లోపలే ఇల్లంతా ఉన్న బండి, ఆగి ఉంది. దాని చాందినీ కింద మడతకుర్చీలో అరవయ్యేళ్ళావిడ నిటారుగా కూర్చుని ఉంది.

"నది చూద్దామని కెంటకీ ఆ చివర్నించి ఈ చివరికి వచ్చిందండీ మా అమ్మ. పొద్దుట్నించీ మీ ట్రక్కు తలుపు మీద సొట్ట చూస్తోంది."

ఎల్డన్‌కి నవ్వాగలేదు. ట్రక్కు తీసి పక్కన పెట్టి వచ్చేసరికి పెద్దావిడ కేకేసింది. "అబ్బాయ్, కాఫీ తాగి వెళ్ళు!"

అలా మొదలైంది.

పెద్దావిడ పేరు వెర్నా టాకెట్. కూతురు కొరిన్, బడిలో టీచరు. వేసవి సెలవులకి అమ్మని వెంటబెట్టుకుని పడూకా రేవుకి వచ్చింది. ఎదురుగా ఓహియో నది మీద బార్జీలు, ఇంజను లేని సరుకు పడవలు, వరసగా పోతున్నాయి. పదిహేనేసి కలిపి కట్టి, వెనకనించి ఒక్క పడవ తోసుకుపోతోంది.

"బొగ్గు," అంది వెర్నా ఒక వరసని చూసి. రెండోది నీళ్ళ మీద ఎత్తుగా తేలుతూ వస్తుంటే, "ఇవి ఖాళీవి," అంది.

"భలే చెప్పారే!"

"మా ఆయన హార్లన్ బతుకంతా వీటి మీదే గడిచింది. రిటైరయ్యాక ఈ ఆర్వీ కొన్నాడు. 'వెర్నా, ఈ నదిని ఒడ్డు మీద నీ పక్కన కూర్చుని ఒక్కసారి చూడాలే' అనేవాడు. బయల్దేరక ముందే పోయాడు."

ఎల్డన్ కప్పు కిందపెట్టాడు. ఏదో అనబోయేంతలో ఆవిడే అంది: "అందుకే దీనికి ఒకటే చెప్పాను. ఎవర్ని చేసుకున్నా సరే, పడవవాడు మాత్రం వద్దు. మొగుడు ఉండీ ఏడాదిలో సగం రోజులు ఒంటరి కాపురమే."

"అమ్మా! ఆయన ట్రక్కు తీశాడంతే. పెళ్ళిచూపులకి రాలేదు," అని కొరిన్ అతని వైపు తిరిగింది. "ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

ఎల్డన్ తోపుడు పడవ మీద డెక్కు పనివాడు. సెలవులో ఉన్నాడు. ఆ మాట చెప్పాలనే నోరు తెరిచాడు.

"సరుకు రవాణా అండీ."

"లారీలా?"

"అలాంటిదే."

మర్నాడు సాయంత్రం మటన్ బార్బెక్యూ పొట్లంతో వచ్చాడు. ఆ మర్నాడు వానలో వచ్చాడు. చాందినీ కింద ముగ్గురూ ఇరుక్కుని కూర్చుంటే కొరిన్ భుజం అతని భుజానికి తగిలింది. వాన తగ్గాక కూడా ఇద్దరూ జరగలేదు. వెర్నా మాత్రం బార్జీలే చూస్తూ కూర్చుంది, లేదా చూస్తున్నట్టు నటించింది.

"లారీ డ్రైవరుకి పడవల సంగతులు ఎలా తెలుసో?" అంది కొరిన్ ఒకరోజు వరదగోడ పక్కన నడుస్తూ.

"ఈ ఊళ్ళో కుక్కలక్కూడా తెలుసు."

"అయితే ఈసారి కుక్కతోనే నడుస్తాలే."

"అది బార్బెక్యూ తేదు, తింటుంది."

కొరిన్ పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి, ఇవాళ ఎలాగైనా నిజం చెప్పేయాలనుకున్నాడు ఎల్డన్. చెప్పనే లేదు.

చివరికి నదే చెప్పేసింది. ముగ్గురూ ఒడ్డున కూర్చుని ఉండగా ఒక తోపుడు పడవ దగ్గరగా వచ్చింది. దాని మైకులోంచి ఊరంతా వినబడేలా తోటి పనివాడి గొంతు లేచింది. "ఒరేయ్ ప్రూయిట్! పడవెక్కే రోజు దగ్గరకొచ్చింది, గుర్తుందా? పక్కనున్న పిల్ల ఎవర్రా? నువ్వు రాకపోతే తాళ్ళు ఎవడు కడతాడ్రా?"

వెర్నా లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

"లారీలా అనడిగాను నేను," అంది కొరిన్ నెమ్మదిగా.

"అబద్ధం చెప్పలేదు కొరిన్..."

"నిజమూ చెప్పలేదుగా! పడవ పనికి సిగ్గుపడే మనుషులం కాదు మేము. మా నాన్న చేసిన పనే అది. నువ్వు దాచావే, అదీ బాధ."

ఆ రాత్రి ఎల్డన్‌కి నిద్ర పట్టలేదు. పొద్దున్నే జోరువానలో వచ్చి ఆర్వీ తలుపు తట్టాడు. వెర్నా తీసింది.

"వెర్నాగారూ, నది మానేస్తాను. మా బావకి టైర్ల షాపుంది. రోజూ సాయంత్రానికి ఇంటికొస్తాను."

వెర్నా అతన్ని నిలువునా చూసి టవలు విసిరింది. "తుడుచుకుని కూర్చో. ఇది పుట్టిన ఏడు హార్లన్ కూడా మానేశాడు. చలికాలమంతా కిటికీ దగ్గరే కూర్చుని వాన చూసేవాడు. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, మనసు మాత్రం లేదు. నేనే బట్టలు సర్ది పడవెక్కించాను."

లోపల మంచం మీదున్న కొరిన్ లేచి కూర్చుంది. "ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదేమ్మా!"

"ఏడ్చిన రోజులే చెప్పానే నీకు. ఆయన దిగే రోజు సంగతి చెప్పలేదు. పెళ్ళయి ఇరవయ్యేళ్ళయినా లిప్‌స్టిక్ రాసుకుని, నిన్ను వెంటేసుకుని రేవుకి పరిగెత్తేదాన్ని. ఆయన పోయాక కోపం వచ్చింది, సగం జీవితం నది తినేసిందని. ఆ కోపమంతా తెచ్చి నీ పెళ్ళి మీద పెట్టాను." ఆవిడ ఎల్డన్ వైపు వేలు చూపించింది. "ఈ పిల్లాడు నది మానేస్తే నీకు మిగిలేది కిటికీ దగ్గర కూర్చునే మనిషే."

"మీరిద్దరూ నా పెళ్ళి మాట్లాడుకోవడం అయిందా? నన్నెవరైనా అడిగారా?" అంది కొరిన్.

ఎల్డన్ టవలు చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "నువ్వంటే ఇష్టం కొరిన్. దాచినందుకు తప్పు నాదే. రేపు పడవెక్కాలి. ఎక్కనా?"

కొరిన్ మంచం దిగి అతని చేతిలోంచి టవలు లాక్కుంది.

"ఎక్కు. పడవలకి ఆగే రేవులుంటాయి. మా బండికి చక్రాలున్నాయి. బడి తెరిచేదాకా నాకేం పని?"

ఆ వేసవంతా అలాగే సాగింది. అతను నీళ్ళ మీద, వాళ్ళు రోడ్డు మీద. ఓహియో పెద్ద నదిలో కలిసే కైరో అనే చిన్న ఊళ్ళో చెయ్యి ఊపుకున్నారు. మెంఫిస్‌లో పడవ ఆగితే ముగ్గురూ కలిసి క్యాట్‌ఫిష్ వేపుడు తిన్నారు.

బడి తెరవడానికి వారం ముందు, విక్స్‌బర్గ్‌లో ఎల్డన్ పడవ ఆగకుండా వెళ్ళిపోతోంది. అతను అన్నిటికన్నా ముందున్న బార్జీ మొన మీద నిలబడి, రెండు చేతులూ నోటికి ఇరుపక్కలా పెట్టుకుని ఏదో అరిచాడు. గాలికి ఒక్క ముక్కా వినబడలేదు.

కొరిన్ ఫోన్ చేసింది. "ఏమన్నావు?"

"ఇంత నది మధ్యలో నిలబడి అంత గట్టిగా అరిస్తే మళ్ళీ చెప్పమంటావా?"

"మళ్ళీ చెప్పు."

అతను చెప్పాడు. కొరిన్ ముఖం ఎర్రబడింది.

"ఏమంటున్నాడే?" అంది వెర్నా.

"పెళ్ళి చేసుకుందామంటున్నాడు."

"మరి నోరు పెగలదేం? పడవ వంతెన దాటిపోతోంది!"

కొరిన్ ఫోను చెవికి ఆనించుకుని, చెప్పులు వదిలేసి ఒడ్డు వెంబడి పరిగెత్తింది. "చేసుకుంటా!" అని ఫోనులో ఒకసారి, నది మీదకి ఒకసారి అరిచింది.

బార్జీ మీద డెక్కు పనివాళ్ళంతా ఈలలు వేశారు. వెనక గట్టు మీద వెర్నా లిప్‌స్టిక్ కోసం సంచీ వెతుక్కుంటోంది. కాబోయే అల్లుడికి కూతురితో కలిసి ఫోటో పంపాలిగా మరి!