హోమ్ అని ఉన్న ఫైలు

శనివారం పొద్దున ఎనిమిదింటికి భీమారావు డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరిచి, దాని మీద లాప్‌టాప్, పక్కన భార్య ఫోను పెట్టుకుని కూర్చున్నాడు. జనవరిలో ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురంలో ఆ వేళకి కిటికీ అవతల పొగమంచు తప్ప ఇంకేమీ కనబడదు. తొమ్మిదో అంతస్తు కావడంతో కింద కూరగాయల బండి కేక కూడా సగమే పైకి చేరుతుంది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై రెండేళ్లుగా ఫైళ్లు నడుపుతున్న ఆయన ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా ఇలాగే, ఏదో శాఖ మొత్తం తన మీదే నడుస్తున్నట్టు కూర్చుంటాడు.

ఇంద్రాణి ఫోను గురువారం నుంచి కంపెనీ పేరు దగ్గరే ఆగిపోయింది. పేరు వెలుగుతుంది, ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. మార్కెట్లో రిపేరు షాపతను చూసి, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాలి, లోపల ఉన్నదంతా పోతుంది ఆంటీజీ అని తేల్చేశాడు. ఆమె అతని చేతిలోంచి ఫోను దాదాపు లాక్కుని ఇంటికొచ్చేసింది. కొత్తది కొనిస్తానని భీమారావు అంటే వద్దంది. రెండ్రోజులుగా ఆమె సరిగ్గా అన్నం తినడం లేదు. అదే టేబుల్ దగ్గర, ఎదురుగా కూర్చుని తిన్న ఆయనకి ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు వంటింట్లోంచి వచ్చి, ఆయన కుర్చీ వెనక నిలబడింది.

"అందులో నా మాటలుండాయి. ఏం పోయినా పర్వాలేదు, అవి మాత్రం పోగూడదు."

భీమారావు ఊఁ అన్నాడు. ఫోనులో మాటలంటే మెసేజీలేగా, అవన్నీ ఎక్కడో పైన భద్రంగానే ఉంటాయి, ఫోటోలూ అంతే, నంబర్లు సిమ్ములో ఉన్నాయి. అంతా లెక్క చూసుకునే దిగానని ధీమాగా చెప్పి, ఆమెని వెళ్లి ఉప్మా సంగతి చూడమన్నాడు.

ఈ విద్య ఆయనకి నేర్పింది ఆఫీసులో కంప్యూటర్లు చూసే సుధీంద్ర. నిన్న సాయంత్రం ఫోన్లో ఇరవై నిమిషాలపాటు వరసగా చెప్పాడు పాపం. ఫోను మోడల్‌కి సరిపోయే సాఫ్ట్‌వేర్ దించుకోవడం, దాన్ని విప్పితే వచ్చే అయిదు ఫైళ్లు, వాటిని ఎక్కించే ప్రోగ్రాము, ఏ గడిలో ఏది పెట్టాలో, అన్నీ. భీమారావు ఊఁ, ఊఁ అంటూనే విన్నాడు. కాకపోతే ఎదురుగా టీవీలో ఎనిమిదిమంది ఒకేసారి అరుచుకుంటున్నారు, ఆయన చెవులు సగం అక్కడున్నాయి. ఆ మాటకొస్తే పదేళ్లుగా ఆయన చెవులు సగం ఎప్పుడూ అక్కడే ఉంటున్నాయి.

అయినా పని బాగానే సాగింది. ఫోను ఆపి, శబ్దం పెంచే మీటా తగ్గించే మీటా కలిపి నొక్కి పట్టుకుని, కేబుల్ గుచ్చాడు. ఫోను తెర నీలంగా మారింది, లాప్‌టాప్‌లో ఒక చిన్న గడి వెలిగింది. మొదటి మూడు ఫైళ్లనీ వాటి వాటి గడుల్లో పెట్టాడు. రెండోది పెద్దది, అది ఎక్కేసరికి ప్రోగ్రాము కాసేపు బిగుసుకుపోయింది, గాభరా పడకుండా కాఫీ తాగి వచ్చాడు. ఆఖరి గడి దగ్గరికి వచ్చాక ఆగాల్సొచ్చింది. దానికి రెండు ఫైళ్లు పోటీ. పేర్లు రెండూ ఒకటే, ఒకదానికి ముందు మాత్రం హోమ్ అని అదనంగా ఉంది.

సుధీంద్ర దీని గురించి ఏదో అన్నాడు. ఏమన్నాడో గుర్తు రాలేదు. శనివారం పొద్దున్నే ఏం ఫోను చేస్తాంలే అనుకున్నాడు. ఇంకెవరైనా అయితే హోమ్ అంటే ఇల్లు అనుకునేవారేమో. ఢిల్లీలో ముప్పై రెండేళ్లు ప్రభుత్వోద్యోగం చేసినవాడికి హోమ్ అంటే హోం శాఖ. ఫలానా ఫైలు హోమ్‌ది అన్నారంటే అది మనది కాదు, ముట్టుకోకూడదు, అంతే. ఫోనుకీ హోం శాఖకీ సంబంధమేవిటని బుర్ర అడుగుతూనే ఉంది గానీ చెయ్యి తన అలవాటు ప్రకారం హోమ్ అని లేని ఫైలు మీదకి పోయింది. మొదలుపెట్టమనే బటన్ నొక్కాడు. ఏడు నిమిషాలకి పచ్చరంగు వెలిగింది. ఫోను కొత్తదానిలా లేచి, ఏ భాష కావాలని అడిగింది.

ఆయన సంబరంగా పిలిస్తే ఇంద్రాణి కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నిలబడే ఒక్కో బొమ్మా నొక్కి చూసుకుంటూ వెళ్లింది. మాటలు రికార్డు చేసుకునే బొమ్మ దగ్గర ఆగి, తెరిచింది. మూసి మళ్లీ తెరిచింది.

"ఏమండీ, ఏవీ?"

"ఏవేవిటి?"

"నా మాటలు. రెండేండ్లవి."

భీమారావు మెసేజీల గురించి చెప్పబోయాడు. అవి ఊళ్లోవాళ్ల మాటలు, నేనడిగేది నావి అంది. అప్పటికి ఆయనకి ఎక్కడో చురుక్కుమంది. రెండేళ్లుగా తనకి తెలియకుండా ఈవిడ ఎవరితో మాట్లాడి దాచుకుందని, ఆఫీసులో కిందివాళ్లని అడిగే గొంతుతోనే అడిగాడు.

"ఎవరితో మాట్లాడతా? ఈ ఇంట్లో ఎవరుండారు?"

కుర్చీ వీపు పట్టుకుని, గొంతు పెంచకుండానే చెప్పింది. రెండేళ్ల కిందట లలితకుమారి వదిన కడప నుంచి ఫోను చేసి, సున్నుండల పిండిలో నూక దేంతో తీశావని అడిగింది. ఛన్నీతో అని చెప్పింది ఇంద్రాణి. ఛన్నీ అంటే ఏందే అని ఆవిడ నవ్వింది. ఎంత వెతుక్కున్నా తెలుగు మాట నోటికి రాలేదు. సాయంత్రం భర్త వచ్చాక అడిగింది, ఆయన టీవీ చూస్తూ ఊఁ అన్నాడు.

"మూడు దినాలకి గుర్తొచ్చింది, జల్లెడ అని. అన్నాళ్లూ ఎంత భయపడినానో. కూతురు ఫోను చేస్తే హిందీలో నాలుగు ముక్కలు. లిఫ్టులో అందరూ హిందీ. మీరు మాట్లాడరు. నా నోట్లోంచి నా మాట పోతాందని భయమేసింది."

ఆ మర్నాటి నుంచి ఆయన మెట్రోకి బయల్దేరగానే తలుపు గడియ పెట్టి, ఫోనుని పంచదార డబ్బాకి ఆనించి మాట్లాడటం మొదలుపెట్టింది. ఏం వండిందో, బాల్కనీలో పావురాలు ఏం గొడవ చేశాయో, వాళ్లమ్మ ఎవరిని ఏమని తిట్టేదో. ఆయనకి చెబుదామనుకుని చెప్పలేకపోయినవి కూడా. మధ్యాహ్నం అవి పెట్టుకుని వింటూ అన్నం తినేది.

"ఇంట్లో ఎవరో తెలుగు మాట్లాడతాండారు అనిపించేది," అంది.

ఏం చెయ్యాలో తోచక భీమారావు, అవన్నీ మళ్లీ చెప్పుకోవచ్చుగా అనేశాడు. ఆమె ఆయన వంక చూసింది. గుర్తుంటే దాచిపెట్టుకునే అవసరమేముందని అడిగి, బాల్కనీలోకి వెళ్లిపోయింది.

ఆయన సుధీంద్రకి ఫోను చేశాడు. పోయినవి తెచ్చే మార్గం లేదని అతను మర్యాదగానే చెప్పాడు. హోమ్ అని ఉన్నదే పెట్టాలని, అది పెడితే లోపలివి లోపలే ఉంటాయని రెండుసార్లు చెప్పాను కదా సార్, మీరు ఊఁ అన్నారు కదా అన్నాడు. భీమారావు ఫోను పెట్టేశాడు. ఆయన ఊఁ అన్నాడన్న మాటే ఒకే రోజు ఇద్దరు అన్నారు, వాళ్లకి ఒకరి సంగతి ఒకరికి తెలియను కూడా తెలియదు.

శాలువా కప్పుకుని బాల్కనీలో రెండో కుర్చీ మీద కూర్చున్నాడు. తప్పయిపోయిందన్నాడు. నువ్వు చెప్పు, వింటానన్నాడు. ఇప్పుడేం చెప్పేది లేదంది. అయితే తనే ఏదో ఒకటి మాట్లాడాలని నోరు తెరిచాడు. ఆఫీసు సంగతులు తప్ప ఏమీ తట్టలేదు. చాలాసేపటికి ఒకటి దొరికింది.

"ఈ చలికాలం మొదలైనప్పట్నుంచీ రోజూ మెట్రో దగ్గర ఒకటి కొనుక్కు తింటున్నాను. నీకు చెప్పలేదు. బొగ్గుల మీద కాల్చి, ముక్కలు కోసి, నిమ్మకాయ పిండి ఇస్తాడు. శకర్‌కందీ."

అని ఆగాడు. "మనం దాన్ని ఏవంటాం?"

నిజంగానే రాలేదు. వేడి దుంప, దాని మీది తొక్క, చిన్నప్పుడు పొయ్యిలో బూడిదలోంచి కర్రతో లాగడం, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. పేరు రాలేదు. భయమేసింది. మూడు దినాలు ఆమె ఇలాగే ఉండి ఉంటుందని ఆయనకి అప్పుడు అర్థమైంది.

ఇంద్రాణి తొందరపడలేదు. ఆయన వెతుక్కుంటుంటే కాసేపు చూసి, అప్పుడు అంది.

"గెనుసుగడ్డ."

"అది మీ కడప మాట. మా కాకినాడ వైపు ఇంకేదో అంటాం." "మా అమ్మ అనేది."

"చిలగడదుంప," అంది ఇంద్రాణి. "అత్తమ్మ అట్లనేది."

భీమారావు ఆ మాటని రెండుసార్లు పైకే అనుకున్నాడు. రెండోసారి కళ్లనీళ్లు ఆగలేదు. ఆమె కాళ్లు పైకి తీసుకుని, కుర్చీలో ఆయన వైపు తిరిగి కూర్చుంది.

"ఇంకా ఏమేం తింటాండారు, నాకు చెప్పకుండా?"