కళ్ళెం బటన్

కర్టెన్ మీద కత్తెర పెట్టగానే మాణిక్యం వేళ్ళు బిగుసుకుపోయాయి. ‘కళ్ళెం’ పనిచేసింది. ఎదురుగా కూర్చున్న డాక్టర్ ఫర్హీన్ తృప్తిగా ట్యాబ్‌లో ఏదో రాసుకుంది.

తెనాలిలో ముప్పయ్యేళ్ళు జాకెట్లు కుట్టిన చేతులవి. పార్కిన్సన్స్ వచ్చి వణికాయి. మెదడులో తగ్గిన డోపమైన్‌కి బదులు మందిచ్చారు. వణుకు తగ్గింది గానీ కోరికకి బ్రేకు పోయింది. ఇంట్లో గుడ్డన్నది కనబడితే చాలు, కత్తిరించి జాకెట్ కుట్టెయ్యాలి. దుప్పట్లయ్యాయి, ఆఖరికి మొగుడు వీరరాఘవులు పెళ్ళినాటి పట్టుపంచె కూడా జాకెట్టయి కూర్చుంది. మందు మానేస్తే చెయ్యి ఆడదు, వేసుకుంటే ఆగదు.

కళ్ళెం అంటే మరేం లేదు. తల చర్మం కింద ఒక చిప్, నడుముకి మందు పంపు. కోరిక చెలరేగితే చిప్ పసిగట్టి పంపుని కాసేపు ఆపేస్తుంది, ఒళ్ళు కొయ్యబారుతుంది. ఏ కోరిక చెడ్డదో చిప్‌కి ఎవరు నేర్పాలి? ఇంట్లోవాళ్ళే. మొదటి వారం వీరరాఘవులు చేతికి ఒక బటన్ ఇచ్చి, “ఆవిడ అతి చేస్తోందనిపిస్తే నొక్కండి, అప్పటి కోరికని చిప్ చెడ్డదని నేర్చుకుంటుంది” అన్నారు. తంటా అంతా అక్కడే వచ్చింది.

నెల తిరిగేసరికి మాణిక్యానికి లోపల ఒకటే సలపరం. చెల్లెలింటికి వెళదామని చెప్పులేసుకుంటే గడపలోనే కాళ్ళు అతుక్కుపోతున్నాయి. కూరలో ఉప్పెక్కువైందని ఆయన సణిగితే “మీరే వండుకోండి” అనబోయి నాలుక మొద్దుబారుతోంది. ఇదేం ఖర్మరా దేవుడా అనుకుంటూ నెలవారీ పరీక్ష కోసం రోజులు లెక్కపెట్టుకుంది.

ఫర్హీన్ వచ్చి బటన్ రికార్డు చూసింది. మొహం మాడిపోయింది.

“రెండొందల పదమూడు సార్లు నొక్కారండీ. ఆవిడ చేతిలో కత్తెర ఉన్నది పదకొండు సార్లే. మిగతావి?”

“ఎదురు మాట్లాడినప్పుడూ, ఊళ్ళు తిరుగుతానన్నప్పుడూ నొక్కాను. అదీ జబ్బేగదమ్మా,” అన్నాడు వీరరాఘవులు, ఏ పాపం ఎరగనట్టు. “ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉంది.”

ఫర్హీన్ మాణిక్యం వైపు తిరిగింది. “అమ్మా, ఇదంతా చెరిపేసి కొత్తగా నేర్పుదాం. ఈసారి బటన్ మీ చేతికే ఇస్తాను. కాకపోతే రూలు ప్రకారం మీరు ఒప్పుకోవాలి. తలూపినా చాలు.”

మాణిక్యం గుండె ఎగిసింది. పుట్టి బుద్ధెరిగాక ఇంతగా ఏదీ కోరుకోలేదు ఆవిడ. సరేనందామని నోరు తెరిచింది. నడుము దగ్గర పంపు టిక్కుమని ఆగిపోయింది. మెడ కదల్లేదు, పెదవి కదల్లేదు. కళ్ళల్లో నీళ్ళు మాత్రం కారిపోతున్నాయి.

ఫర్హీన్‌కి అర్థమైంది, ఈ కోరికనీ చిప్ చెడ్డదిగానే లెక్కేసిందని. పంపు మళ్ళీ ఆడేదాకా ఆగి, ఇంకా నెమ్మదిగా అడిగింది. మళ్ళీ టిక్కుమంది.

“రెండుసార్లు అడిగారు కదమ్మా,” అన్నాడు వీరరాఘవులు మెత్తగా, కాఫీ కలపడానికి లేస్తూ. “తను ఒక్క మాటన్నా అన్నదా?”