ఎత్తే గొంతు

సీతామహాలక్ష్మికి ఆ పూట కాఫీ నచ్చలేదు. ఆవిడకి ఏ పూటా కాఫీ నచ్చదు; పళ్ళు తోముకున్నాక దానికి వంక పెట్టడం ఆవిడ దినచర్యలో రెండో పని. పెరట్లో కాసిన గింజల్ని ఇంట్లోనే వేయించి దంచిన ఆ పొడిని, అరకు చూడ్డానికొచ్చినవాళ్ళు బతిమాలి కొనుక్కుపోతుంటారు. ఆవిడ మాత్రం గ్లాసుని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, లోపల ఏదో పడిందన్నట్టు చూసింది.

"ఇది కాఫీయా, కషాయమా రత్నాలూ?"

"పాలు తక్కువైనాయి వదినా. ఉండు, ఇంకొన్ని పోత్తాను."

"పోస్తే మాత్రం మారుతుందా? మీ కొండమీద ఏది కాచినా కషాయమే."

రత్నాలు పాలు పోసి వెళ్ళిపోయింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చి నలభై నాలుగేళ్ళయినా ఆడపడుచు మాటకి ఎదురు చెప్పిన రోజు లేదు. అది మంచితనమని ఊళ్ళోవాళ్ళు అనుకునేవారు. తెలివి లేకపోవడమని సీతామహాలక్ష్మి అనుకునేది.

మైదానం నుంచి వచ్చి అరకులో కిరాణా కొట్టు పెట్టుకున్న కుటుంబం వాళ్ళది. తమ్ముడు ధనుంజయ్, సంతకి చింతపండు తెచ్చే కొండపిల్ల రత్నాలుని చూసి ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకున్నాడు. ఏజెన్సీలో కొండవాళ్ళ పేర తప్ప స్థలం రిజిస్టరు కాదు కాబట్టి, ఇంటి కాగితం కోసమే కట్టుకున్నాడని చుట్టాల్లో ఒక మాట పుట్టింది. పుట్టించింది సీతామహాలక్ష్మే. విశాఖలో భర్త పోయాక, పిల్లలూ లేక, ఆ కాగితం మీద కట్టిన ఇంటికే వచ్చి ముందుగది ఆక్రమించుకుంది. తర్వాత తమ్ముడూ పోయాడు. ఇప్పుడా ఇంట్లో ఉన్నది ఆవిడా, రత్నాలూ, ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేసే రత్నాలు కూతురు ప్రసన్నా.

ఒకప్పుడు సీతామహాలక్ష్మి అంటే రేడియోలో పేరు. కొండపాటలు పాడేది. తర్వాత క్యాసెట్లు, సభలు, శాలువాలు, ఒక సంఘం వాళ్ళిచ్చిన 'మన్యం కోకిల' బిరుదు. ఆ సంఘం అంతకు ముందు ఏడాది ఇంకొకావిడకీ అదే బిరుదు ఇచ్చిందన్న సంగతి ఆవిడ దగ్గర ఎవరూ ఎత్తరు. కొన్నాళ్ళకి పిలుపులు తగ్గాయి, ఆగిపోయాయి. పోయినేడు ఒక పత్రిక పాత గాయకుల మీద వ్యాసం వేస్తూ ఆవిడ పేరు ముందు 'కీర్తిశేషురాలు' అని వేసింది. ఆ కాగితాన్ని చింపి పొయ్యిలో పడేసింది గానీ ఆ మాట ఆవిడని వదల్లేదు.

అలాంటి మనిషికి పిలుపొచ్చింది. ఇంకో పదిహేను రోజుల్లో విశాఖలో పెద్ద కచేరీ. ఎక్కడో చలిదేశం నుంచి వచ్చే యాభైమంది సింఫనీ వాద్యగాళ్ళు ఆవిడ పాత పాటలు ఎనిమిది వాయిస్తారు; ముందు నిలబడి ఆవిడ పాడాలి. తాను బతికే ఉన్నానని లోకానికి చెప్పుకోవడానికి ఇదే ఆఖరి దారి అని ఆవిడకి తెలుసు. అది పోతే ఆ పత్రిక రాసిందే నిజమవుతుంది. ఆ భయం పైకి కనపడకూడదని అందర్నీ రెట్టింపు ఈసడించేది.

"యాభైమందట. నా ఒక్క గొంతుకి యాభైమంది కాపలా," అంది. "వాళ్ళ మొహాలకి చోడిచేను తెలుసా, కొండ తెలుసా? కోట్లు తొడుక్కుని ఫిడేళ్ళు గీకడం తప్ప."

రెండో శనివారం కాబట్టి ప్రసన్న ఇంట్లోనే ఉంది. జడ అల్లుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"అంత చేతకానివాళ్ళయితే మానెయ్యి అత్తా."

"నేను మానేస్తే వాళ్ళకి పాటంటే ఏమిటో చూపించేదెవరు?"

"అమ్మని తీసుకెళ్తున్నావా?"

సీతామహాలక్ష్మి నవ్వింది. "మీ అమ్మ వచ్చి ఏం చేస్తుంది? చెప్పులు విప్పాలో తొడుక్కోవాలో తెలీక స్టేజి మీద నిలబడుతుంది. కోరస్‌కి అక్కడ చదువుకున్న పిల్లలుంటారు."

"ప్రతి క్యాసెట్లోనూ పాడింది కదా. ఒక్కదాని మీదైనా అమ్మ పేరు లేదేం?"

"నేను ఎత్తుకుంటే వెనకాల అందుకుంది. వంతపాటకి పేర్లు వేస్తారా ఎక్కడైనా?"

ప్రసన్న మేనత్తని ఒక చూపు చూసింది. స్కూల్లో కాపీ కొడుతూ దొరికిన పిల్లల్ని కూడా ఆమె అలా చూడదు. లోపలికి పోయింది.

పదకొండు గంటల కిరండూల్ రైల్లో ఉదయ్ వచ్చాడు. పాటల్ని సింఫనీకి అనువుగా రాసింది అతనే. విదేశాల్లో సంగీతం చదువుకున్న ముప్పై అయిదేళ్ళవాడు, జుట్టు వెనక్కి ముడేసుకున్నాడు. సీతామహాలక్ష్మి అతన్ని కాళ్ళ నుంచి తలదాకా చూసింది.

"జుట్టు పెంచావేం నాయనా, మొక్కుబడేమైనా ఉందా?"

"లేదు మేడమ్, అలవాటు." అతను వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "మా అమ్మ మీ క్యాసెట్టు పెట్టుకుని వంట చేసేది. ఆ గొంతు వింటూ పెరిగాను. ఈ పని ఎత్తుకుందే ఆ గొంతు కోసం."

దాంతో ఆవిడకి ఆ జుట్టు అంత చెడ్డగా కనపడలేదు.

భోజనాలయ్యాక ముందుగదిలో అతను లాప్‌టాప్ తెరిచాడు. పాత క్యాసెట్లలో గరగరలన్నీ తీసేసి, స్వరం స్వరం విని రాసుకున్నానని చెప్పాడు. అవతల వాద్యగాళ్ళు రెండు నెలల్నుంచి సాధన చేస్తున్నారట. వాళ్ళు వాయించి పంపిన చోడిచేను పాటని, రాగులు కోసేటప్పుడు పాడేదాన్ని, ముందు పెట్టాడు. మూతి విరవడానికి సిద్ధంగా కూచున్న సీతామహాలక్ష్మి విరవలేకపోయింది. ఫిడేళ్ళన్నీ ఒక్కసారి లేచేసరికి ఒళ్ళు జలదరించింది. గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

"కొండమీద చోడిచేనూ..."

అక్కడితో ఆవిడ ముక్క అయిపోయింది. ఉదయ్ మాత్రం ఇంకా రావలసింది ఉన్నట్టు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. కాసేపు చూసి వాద్యాలు ఆపాడు.

"ఆ మొదటి ముక్క ఫ్లూటుకి ఇచ్చేశాను మేడమ్. దాని తర్వాతది మీరు పాడాలి."

"దాని తర్వాత కోరస్ నాయనా. నా ముక్కని పిల్లంగోవికిచ్చి నన్ను వంతపాట పాడమంటావా? చెవుల్లో ఏం పెట్టుకుని విన్నావు?"

అతను కంగారుపడి క్యాసెట్టు పాట పెట్టాడు. గరగర లేదు. ఒక సన్నటి గొంతు బుద్ధిగా అర వరస ఎత్తి వదిలేసింది. రెండో గొంతు అందుకుంది. అందుకున్నచోట ఆగలేదు, మెలికలు తిరిగింది, ఒరిగింది, ఊపిరి చాలదనుకున్నచోట ఇంకా పైకి లేచింది. పాటంతా ఆ గొంతులోనే ఉంది.

"ఇదే కదా మేడమ్ మీ గొంతు?" అన్నాడు ఉదయ్.

ఆ క్యాసెట్టుని సీతామహాలక్ష్మి వెయ్యిసార్లు విని ఉంటుంది. విన్నప్పుడల్లా తన ముక్క కోసమే చెవి ఒగ్గేది. అది రాగానే మురిసిపోయి, తర్వాత వచ్చేదాన్ని ఎప్పుడూ విననే లేదు. ఇప్పుడు వింది. అతను పొరపాటు రాయలేదని తెలిసింది.

"అవును," అంది. "నాదే."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఒక్కసారి పాడండి మేడమ్, శ్రుతి చూసుకుందాం."

పాడింది. మాటలన్నీ వచ్చు, రెండో మెలిక దగ్గర గొంతు దారి తప్పింది. జలుబంది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే పడింది. మూడోసారి ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ తనకొచ్చిన ముక్కే ఎత్తింది.

"కొండమీద చోడిచేనూ..."

"కోసేది ఎవలే పిల్లా, కంకి వొరిగిపోతన్నాది..."

జవాబు వంటింట్లోంచి వచ్చింది. అరవై మూడేళ్ళ గొంతు, కాస్త బొంగురుపోయింది. మెలికలు మాత్రం ఒక్కటీ తప్పలేదు. ఉదయ్ లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. రత్నాలు గిన్నె తోముతూ, పాడుతున్నానన్న ధ్యాస కూడా లేకుండా పాడుతోంది.

సీతామహాలక్ష్మి అతన్ని తోసుకుంటూ వెళ్ళింది. "నిన్నెవరు పాడమన్నారే?"

రత్నాలు ఉలిక్కిపడింది. "నువ్వెత్తినావు కదా వదినా. ఎత్తిన పాటని గాల్లో ఒగ్గీకూడదు, అందుకోవాల."

"పరాయివాడి ముందు నా పరువు తియ్యడానికి కాచుకుని కూచున్నావు. ఇంట్లో చోటిచ్చి, రేడియో మెట్లెక్కించి, మైకంటే ఏమిటో చూపించింది నేను. లేకపోతే ఇంకా ఆ చింతపండు బుట్ట దగ్గరే ఉండేదానివి."

"ఎవరింట్లో ఎవరికి చోటు అత్తా?" ప్రసన్న వచ్చి మధ్యలో నిలబడింది. గొంతు పెంచలేదు. "కాగితం మీద ఎవరి పేరుందో ఊరంతా చాటింది నువ్వే కదా. ఆ ఇంట్లోనే తిని, ఆ చేత్తో వండింది తిని, ఆ మనిషినే తీసిపారేస్తావు. సరే, అది నీ గుణం. కానీ ఇందాక నాదే అని చెప్పావే, రెండువేలమంది ముందు ఆ అబద్ధాన్ని ఏ గొంతుతో పాడతావు?"

సీతామహాలక్ష్మి మొహం నల్లబడింది. వంటింటి పీట మీద కూలబడి ఉదయ్ వైపు చూసింది.

"ఫోన్ చేసి చెప్పెయ్ నాయనా, కచేరీ లేదని. ఆ ముసలిది నిజంగానే పోయిందని చెప్పు. పేపరువాళ్ళు ముందే వేశారుగా."

"నువ్వూరుకో ప్రసన్నా," అంది రత్నాలు. కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి ఆడపడుచు ఎదురుగా నేలమీద కూచుంది. "వదినా, మా ఊర్ల పాట ఎవలు ఎత్తుతారో నీకు తెలుసా?"

"పాట వచ్చినవాళ్ళు."

"కాదు. రానోలు ఎత్తుతారు. సేలో వొరస కట్టినప్పుడు, కొత్తగా నేర్సుకునే గుంటని, సిన్నపిల్లని, ముందు నిలబెడతారు. అది తప్పెత్తినా ఎనకున్నోలు సరిసేసి పట్టుకుపోతారు. వొచ్చినోలెప్పుడూ ఎనకే ఉంతారు. వొయసుతో పని లేదు, నేర్సుకున్నన్నాళ్ళూ గుంటే."

సీతామహాలక్ష్మి పెరిగింది భజనల మధ్య. అక్కడ ఎత్తేవాడు గురువు, వెనకాలవాళ్ళది వంత. కొండపాటలోనూ అంతే అనుకుంది. ఎత్తమని రత్నాలు మొదటి రోజు ముందుకి తోసినప్పుడు, తన పెద్దరికాన్ని గుర్తించిందనుకుంది. అనుకుని నలభై ఏళ్ళు అక్కడే నిలబడింది.

"మరి చెప్పలేదేం?" అంది.

"నువ్వడగలేదు. ఈయేడు అడుగుతాది, వొచ్చేయేడు అడుగుతాది, ఎనకపాట నేర్పమని అనుకున్నాను. నానే సెప్తే, మరదలు నాకు నేర్పడమేటని నువ్వు పాటే మానేత్తావని బయమేసింది."

"పేరు వెయ్యలేదని కోపం రాలేదా?"

"వొచ్చింది. సానా వొచ్చింది. మీ తమ్ముడి కాడ ఏడ్సినాను. నీ కాడ ఏడవడానికి నాకూ రోసం ఉంది కదా."

ఇన్నేళ్ళూ ఈ మనిషిని చిన్నచూపు చూసింది తనే అనుకుంది సీతామహాలక్ష్మి. ఈ మనిషేమో అన్నేళ్ళూ తనని పాట రాని పిల్లలాగే చూస్తూ, తప్పులు సరిచేస్తూ, నేర్చుకుంటుందని ఎదురుచూసింది. శాలువా కప్పించుకున్న ప్రతి సభలోనూ వెనక నిలబడి ఎదురుచూసింది. ఆవిడ రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చింది. ప్రసన్న ఎప్పుడూ చూడని ఏడుపు అది. జాలిపడాలని లేకపోయినా నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

ఉదయ్ రత్నాలుతో మెల్లగా అన్నాడు, "అమ్మా, రాసిందంతా మీ గొంతుకే. మీరొక్కరే వచ్చి పాడితే చాలు."

రత్నాలు తలెత్తి అతన్ని చూసింది. నలభై నాలుగేళ్ళలో ఆ ఇంట్లో ఎవరినీ అంత తేలిగ్గా తీసేసినట్టు చూడలేదు.

"అంత సదువుకున్నావు, ఏటి బాబూ నీకు తెలిసింది? ఎత్తే గుంట లేకండా పాటెక్కడిది? నానెత్తకూడదు. ఆ ముక్క పిల్లంగోవికిచ్చీసినావంట, పిల్లంగోవి నేర్సుకుంతాదా? అది మా వదినికిచ్చీ. లేదంతే నాను రాను."

ఉదయ్ కలం తీసి కాగితం మీద ఫ్లూటు వరస కొట్టేశాడు. సీతామహాలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుంది.

"పేర్లు కూడా రాసుకో నాయనా. పాడేది రత్నాలు. ఎత్తేది సీతామహాలక్ష్మి." రత్నాలు వైపు తిరిగింది. "ఇంకా నన్ను ముందు నిలబెడతావా?"

"ముందే నిలబడాలి. రానోల సోటు అదే. ఎనకపాట ఇయాల్టి నుంచి నేర్పుతాను, వొచ్చినాక ఎనక్కి వొద్దువుగాని." రత్నాలు పీట పక్కన నేల తట్టి చూపించింది. "ఆ పీట దిగి ఇలగ కూకో. బేగి ఎత్తు గుంటా."

సీతామహాలక్ష్మిని గుంట అని పిలిచినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. అమ్మ పోయి ముప్పై ఏళ్ళయింది. ఆ తర్వాత అందరికీ ఆవిడ మేడమే. పీట దిగి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా రత్నాలు పక్కన నేలమీద కూచుంది. పాట ఎత్తింది. ఏడ్చిన గొంతు వణికి, మొదటి మాటే పక్కకి పోయింది.

"అలక్కాదు," అంది రత్నాలు. "మల్లీ."

సీతామహాలక్ష్మి మళ్ళీ ఎత్తింది.